రబ్బరులో నైలాను, నైలానులో రబ్బరు

మేకు దిగలేదు, వాల్వు కారడం లేదు, రిమ్ము వంగలేదు. అయినా కారు టైరులో నెలకు ఒకటి నుంచి మూడు శాతం దాకా గాలి తగ్గుతూనే ఉంటుంది. పంక్చరు షాపులో ఆ టైరును నీళ్ల తొట్టిలో ముంచి ఎంతసేపు చూసినా ఒక్క బుడగ రాదు. చిల్లు ఉంటే కదా బుడగ రావడానికి! టైరు గోడ మొత్తం, ప్రతి చదరపు మిల్లీమీటరూ, కంటికి ఆనని మోతాదులో గాలిని బయటికి వదులుతోంది.

రబ్బరు స్వభావమే అంత. ఆ సంగతిని మొదట్లోనే గమనించి రాసిపెట్టినవాళ్లలో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కియర్స్‌లీ మిచెల్ ఒకడు. 1830 ప్రాంతంలో ఆయన పల్చటి రబ్బరు బుడగల్లో హైడ్రోజన్ నింపి వదిలితే అవి తరగతి గది పైకప్పును తాకేవి. కొంతసేపటికి వాటంతటవే కిందికి దిగొచ్చేవి. రకరకాల వాయువులతో పరీక్షిస్తే ఒక్కోటి ఒక్కో వేగంతో బయటపడింది. వాటిలో కార్బన్ డయాక్సైడ్ హైడ్రోజన్ కంటే కూడా తొందరగా జారుకునేది. అది ఆక్సిజన్ కంటే, నైట్రోజన్ కంటే బరువైన అణువు. రబ్బరులో కంటికి కనపడని సందులున్నాయి, తేలికైన అణువులు వాటిలోంచి వేగంగా దూరిపోతున్నాయి అని సరిపెట్టుకుందామంటే, ఈ ఒక్క సంగతి అడ్డు తగులుతుంది.

కరిగి, కదిలి, బయటపడి

ఆ చిక్కుముడి విప్పినవాడు స్కాట్లండ్‌లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం. 1866లో ఆయన పల్చటి రబ్బరు పొరకు ఒకవైపు మామూలు గాలిని ఉంచి, రెండోవైపు శూన్యం చేశాడు. పొర దాటి వచ్చిన గాలిని పట్టి చూస్తే అందులో ఆక్సిజన్ 21 శాతానికి బదులు 41 శాతం దాకా ఉంది. మంట ఆరి నిప్పుకణిక మాత్రమే మిగిలిన పుల్లను అందులో పెడితే మళ్లీ భగ్గుమంది. సందులే కారణమైతే ఇంత వడపోత జరగదు. వాయువు ముందు రబ్బరులో కరుగుతుంది, లోపల కదులుతూ అవతలి ముఖానికి చేరుతుంది, అక్కడ ఆవిరై బయటపడుతుంది అని గ్రాహం తేల్చాడు. ఈ వివరణ ఇవాళ్టికీ చెల్లుతోంది.

అంటే వాయువు ఏ మేరకు దాటుతుందన్నది రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: ఎంత కరుగుతుంది, కరిగాక ఎంత వేగంగా కదులుతుంది. ఈ రెండింటి లబ్ధమే పారగమ్యత. కార్బన్ డయాక్సైడ్ బరువైనదే కానీ రబ్బరులో బాగా కరుగుతుంది, అందుకే తొందరగా పోతుంది. పారగమ్యతకు కొలమానం బారర్. న్యూజీలాండ్‌లో పుట్టి బ్రిటన్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ బారర్ పేరు మీద వచ్చింది. మామూలు గది వేడిలో ఆక్సిజన్‌కు సిలికోన్ రబ్బరు పారగమ్యత 600 బారర్ల చుట్టుపక్కల ఉంటుంది, సహజ రబ్బరుది 23, బ్యూటైల్ రబ్బరుది 1.3, పొడిగా ఉన్న నైలాను-6ది సుమారు 0.04. రకాన్ని బట్టి, కొలిచిన తీరును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ వాటి వరస మాత్రం మారదు.

బ్యూటైల్‌లో నైట్రోజన్ పారగమ్యత 0.3 బారర్ల పైచిలుకు, అంటే ఆక్సిజన్‌లో నాలుగో వంతు. టైర్లలో నైట్రోజన్ కొట్టించుకోమని పెట్రోలు బంకుల్లో చెప్పేది ఇందుకే. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కాబట్టి కలిసొచ్చేది అంతంతమాత్రం. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 30 పీఎస్ఐ ఒత్తిడికి నింపిన టైర్లను ఏడాది పాటు కదపకుండా ఉంచి చూసింది. గాలి నింపినవి సగటున 3.5 పీఎస్ఐ, నైట్రోజన్ నింపినవి 2.2 పీఎస్ఐ కోల్పోయాయి. లోపలి వాయువును మార్చినా కారడం ఆగలేదు. మార్చవలసింది గోడను.

ఎగరని బంతి

గోడను మార్చిన మొదటి పెద్ద అడుగు 1937లో పడింది. న్యూజెర్సీలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ప్రయోగశాలలో రాబర్ట్ థామస్, విలియం స్పార్క్స్ ఐసోబ్యుటిలీన్ అనే వాయువుకు కొద్ది శాతం ఐసోప్రీన్ కలిపి, సున్నాకు వంద డిగ్రీల దిగువన గొలుసుకట్టుగా అతికించారు. అదే బ్యూటైల్ రబ్బరు. 1942 నాటికి మలయా, డచ్ ఈస్టిండీస్ తోటలు జపాను చేతికి చిక్కి అమెరికాకు సహజ రబ్బరు రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాదే బ్యూటైల్ ఫ్యాక్టరీ సరుకైంది. దాంతో చేసిన ట్యూబులు సహజ రబ్బరు ట్యూబులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం గాలి నిలిపాయి.

రెండూ రబ్బర్లే. గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత కూడా రెండింటికీ దగ్గర దగ్గరే, సున్నాకు 70 డిగ్రీల దిగువన. మరి పారగమ్యతలో పద్దెనిమిది రెట్ల తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? రెండు బంతులు తెచ్చి నేలకేసి వదిలితే జవాబు సగం దొరుకుతుంది. సహజ రబ్బరు బంతి చేతికి అందేంత పైకి లేస్తుంది. బ్యూటైల్ బంతి దబ్బున పడి, బద్ధకంగా కొంచెమే లేస్తుంది. బ్యూటైల్ గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు రెండేసి మిథైల్ గుంపులు వేలాడుతుంటాయి. గొలుసులు ఒకదానికొకటి ఇరుక్కుని, తాపీగా మెదులుతాయి. బంతి ఎగరకపోవడానికి కారణం ఈ మందకొడితనం. వాయువు అణువు ముందుకు సాగాలంటే పక్కనున్న గొలుసు క్షణకాలం తప్పుకుని చోటివ్వాలి. బ్యూటైల్ గొలుసు అంత తొందరగా తప్పుకోదు. వేడెక్కితే మాత్రం అదీ చురుకవుతుంది, సహజ రబ్బరుతో తేడా తగ్గుతుంది.

ట్యూబులేని టైర్లు వచ్చాక ఈ పని టైరు లోపలి ముఖానికి అంటించే ఇన్నర్‌లైనర్ మీద పడింది. బ్యూటైల్ గొలుసుకు కొద్దిగా క్లోరిన్‌నో బ్రోమిన్‌నో తగిలిస్తే అది టైరులోని మిగతా రబ్బరుతో కలిసి ఉడుకుతుంది, ఊడిపోకుండా అతుక్కుంటుంది. ఇవాళ రోడ్డు మీద తిరిగే ట్యూబ్‌లెస్ కారు టైర్లలో చాలావాటి లోపల ఉన్నది సుమారు ఒక మిల్లీమీటరు మందాన ఈ హాలోబ్యూటైల్ పొరే. ఇంజెక్షను మందు సీసాల మీద కనపడే బూడిదరంగు రబ్బరు మూతలు కూడా ఎక్కువగా దీంతో చేసినవే. హైదరాబాదులాంటి టీకాల తయారీ కేంద్రాల్లో అలాంటి మూతల అవసరం ఎంతో ఊహించుకోవచ్చు. మన దేశం బ్యూటైల్ కోసం చాలాకాలం దిగుమతుల మీదే ఆధారపడింది. తరవాత రిలయన్స్, రష్యా కంపెనీ సిబూర్ కలిసి గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఏడాదికి 1,20,000 టన్నుల సామర్థ్యంతో ఫ్యాక్టరీ పెట్టాయి.

సగం సగం కలిపితే

గాలిని ఆపడంలో నైలాను బ్యూటైల్ కంటే ముప్పై రెట్లు బిగువు. అలాంటప్పుడు టైరు లోపల నైలాను పొరే వేయొచ్చు కదా? కారు చక్రం ఒకసారి తిరిగితే సుమారు రెండు మీటర్లు. యాభై వేల కిలోమీటర్లకు రెండున్నర కోట్ల చుట్లు. నేలకు ఆనిన ప్రతిసారీ టైరు గోడ వంగి లేస్తుంది. నైలాను అన్నిసార్లు వంగి లేవలేదు, చలిలో అయితే మరీనూ. పగుళ్లు వస్తే బిగువు అంతా వృథా. వంగడానికి రబ్బరు కావాలి, ఆపడానికి నైలాను కావాలి. కనుక రెండింటినీ కలపాలి.

ఇక్కడ అందరికీ తట్టే ఊహ ఒకటుంది: సగం సగం కలిపితే పారగమ్యత కూడా మధ్యస్థంగా వస్తుందని. లెక్క వేసి చూద్దాం. బ్యూటైల్, నైలాను చెరి సగం తీసుకుని పొడుగాటి చారలుగా పక్కపక్కన నిలబెట్టామనుకోండి. ప్రతి చారకూ రెండు కొసలూ రెండు ముఖాల్లో తేలి ఉంటాయి కాబట్టి వాయువు నైలాను జోలికే పోకుండా రబ్బరు చారల్లోంచి దాటేస్తుంది. అప్పుడు పారగమ్యత 0.67 బారర్లు. అవే రెండింటినీ వాయువు దారికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిస్తే, నైలానును దాటక తప్పదు. పారగమ్యత 0.08 దగ్గరికి దిగుతుంది. సరుకు అదే, పాళ్లు అవే, తేడా దాదాపు తొమ్మిది రెట్లు.

నిజమైన మిశ్రమం చారలూ కాదు, పొరలూ కాదు. ఒకటి అంతటా పరుచుకుని ఉంటుంది, రెండోది అందులో చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంటుంది. గోళాలు చెదిరిన పదార్థంలో విద్యుత్తు ఎలా పారుతుందో 1873లోనే భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఒక సూత్రం రాశాడు. అదే సూత్రం వాయువుకూ పనికొస్తుంది. రబ్బరు 60 పాళ్లు, నైలాను 40 పాళ్లు తీసుకుందాం. రబ్బరు పరుచుకుని నైలాను చుక్కలైతే పారగమ్యత సుమారు 0.7. నైలాను పరుచుకుని రబ్బరు చుక్కలైతే 0.19. చుక్కలు పలచగా ఉన్నప్పుడే ఆ సూత్రం కచ్చితంగా పనిచేస్తుంది, ఇంత చిక్కటి మిశ్రమంలో అది ఉజ్జాయింపు మాత్రమే. అయినా ఎటువైపు మొగ్గాలో తేటతెల్లంగా చెబుతుంది. రెండో అమరికలో వచ్చే పొర వట్టి బ్యూటైల్ కంటే ఏడు రెట్లు మెరుగు. అందులో సగానికి మించి ఉన్నది రబ్బరే!

ఈ రంగంలో పనిచేసేవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఏది ఎంత ఉందన్నది కాదు, దేనిలో ఏది ఉందన్నది.

మెజారిటీని చుక్కలు చేయడం

కానీ ప్రకృతి ఇందుకు సహకరించదు. రెండు కరిగిన పదార్థాలను కలిపితే మామూలుగా ఎక్కువ ఉన్నది పరుచుకుంటుంది, తక్కువ ఉన్నది చుక్కలవుతుంది. 60 పాళ్ల రబ్బరును చుక్కలుగా చేసి, 40 పాళ్ల నైలాను చేత దాన్ని చుట్టించాలంటే ఏదో ఒక యుక్తి పన్నాలి.

ఆ యుక్తి పేరు డైనమిక్ వల్కనైజేషన్, అంటే పిసుకుతూనే ఉడికించడం. మామూలుగా రబ్బరును అచ్చులో పెట్టి కదపకుండా ఉడికిస్తారు. ఇక్కడ పక్కపక్కన తిరిగే రెండు మరల యంత్రంలో, నైలాను కరిగే వేడిలో, రెండింటినీ నలుపుతూ ఉండగానే రబ్బరు గొలుసుల మధ్య ముడులు పడేలా చేస్తారు. ముడులు పడే కొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, పారే గుణం పోతుంది. మరలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. పారలేని రబ్బరు ఆ ఒత్తిడికి తునిగి, మైక్రాను అటూ ఇటూగా ఉండే ముక్కలవుతుంది. పారగలిగిన నైలాను ఆ ముక్కల మధ్య సందుల్లోకి చేరి అంతటా అల్లుకుంటుంది. మైనారిటీ పరుచుకుంటుంది, మెజారిటీ చుక్కలవుతుంది. ఒకసారి ముడులు పడ్డాక ఆ చుక్కలు మళ్లీ కలిసిపోవు.

ఈ పద్ధతి మీద ఎస్సో కంపెనీకి చెందిన గెస్లర్ బృందానికి 1962లో పేటెంటు వచ్చింది. అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ పరిశోధకులు కోరన్, పటేల్ దాన్ని లోతుగా శోధించారు. 1981లో శాంటోప్రీన్ పేరుతో బజారుకొచ్చిన రబ్బరు-పాలీప్రొపిలీన్ సరుకు ఆ కృషి ఫలమే. గాలిని ఆపే పనికి దీన్ని మలిచింది ఎక్సాన్‌మొబిల్, జపానుకు చెందిన యోకొహామా టైర్ల కంపెనీ. బ్యూటైల్‌కు దగ్గర చుట్టమైన, బ్రోమిన్ తగిలించిన ఒక రబ్బరును నైలానుతో ఇలా పిసికి, పాలిథిన్ సంచుల ఫిల్ము ఊదినట్టే గొట్టంగా ఊది, పల్చటి ఇన్నర్‌లైనరు చేశారు.

అందులో బ్రోమిన్ ఉట్టినే లేదు. నైలానుకూ రబ్బరుకూ పొత్తు కుదరదు. ఒకటి నీటిని పీల్చే రకం, రెండోది నూనె జాతి. ఊరికే కలిపితే చుక్కలు పెద్దవవుతాయి, వంచినప్పుడు రెండింటి మధ్య అతుకు ఊడి సన్నటి ఖాళీలు ఏర్పడతాయి. గాలికి అంతకంటే ఏం కావాలి? యంత్రంలో నైలాను గొలుసు కొసనున్న ఎమీన్ గుంపు రబ్బరు మీది బ్రోమిన్‌ను తోసేసి ఆ చోట అతుక్కుంటుంది. అలా పుట్టిన సగం నైలాను, సగం రబ్బరు గొలుసులు సరిహద్దు పొడవునా కూర్చుని రెండువైపులా పట్టు బిగిస్తాయి. చుక్కలు చిన్నవిగా ఉంటాయి, వాటి మధ్య నైలాను గోడలు పల్చబడతాయి. పల్చబడిన ఆ గోడలు వంగుతాయి, రబ్బరు ముక్కలు వాటిని మళ్లీ యథాస్థానానికి లాగుతాయి. మందంగా ఉంటే పగిలే నైలాను ఈ అమరికలో కోట్లసార్లు వంగడానికి సిద్ధపడుతుంది.

పారగమ్యత ఏడో వంతుకు తగ్గితే, గాలి అంతే పోతుందనుకున్నా, ఒక మిల్లీమీటరు పొర 0.15 మిల్లీమీటర్లకు దిగుతుంది. టైరు బరువు తగ్గుతుంది. లేదా కొంత మందం ఉంచుకుని గాలి ఇంకా ఎక్కువ కాలం నిలుపుకోవచ్చు. టైర్లలో సగటున ఒక్క పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అది చిన్న అంకెలానే కనిపిస్తుంది, దేశంలో ఉన్న టైర్లన్నిటికీ వర్తింపజేసి చూసేదాకా.

చుక్కలు కాదు, పలకలు

చెదిరినది గోళంగానే ఉండాలని నియమమేమీ లేదు. 1980లలో డ్యూపాంట్ కంపెనీ పాలిథిలీన్ పెట్రోలు ట్యాంకుల కోసం ఒక నైలాను సరుకు తెచ్చింది. పాలిథిలీన్‌లో కొద్ది పాళ్లే కలుపుతారు. ట్యాంకును ఊదే సమయంలో కరిగిన నైలాను చుక్కలు సాగి, గోడకు సమాంతరంగా పల్చటి పలకలవుతాయి. పెట్రోలు ఆవిరి బాగా ఆగుతుంది. ఇందులో తిరకాసు ఏమిటంటే, అతిగా కలపకూడదు. మర ఎక్కువసేపు తిప్పితే పలకలు తెగి చిన్న చుక్కలవుతాయి, అడ్డుకునే శక్తి పోతుంది. బాగా కలిస్తే చెడిపోయే మిశ్రమం ఇది.

పలక ఎందుకు అంత మేలు? తిరుమలలో మహాద్వారం ఎదురుగానే కనపడుతుంది, కానీ అడ్డంగా కట్టిన కటకటాల వెంట కుడికీ ఎడమకీ తిరిగి తిరిగి వెళ్లాలి. దూరం పెరగలేదు, నడక పెరిగింది. అడ్డంగా పడుకున్న పలకలు వాయువు అణువును అలాగే తిప్పుతాయి. 1967లో నీల్సన్ అనే శాస్త్రవేత్త దీనికి తేలికైన సూత్రం రాశాడు. పలక వెడల్పు దాని మందానికి ఎన్ని రెట్లన్నదే అందులో కీలకం. పలకలు ఘనపరిమాణంలో అయిదు శాతం, వెడల్పు మందానికి 200 రెట్లు అనుకుంటే, పారగమ్యత ఆరో వంతుకు పడిపోతుంది. అదే అయిదు శాతంలో పలకలు విడిపోకుండా ఇరవై ఇరవై కట్టలుగా అంటుకుని ఉంటే వెడల్పు మందానికి 10 రెట్లే. అప్పుడు తగ్గేది పావు వంతు మాత్రమే.

ఇంత పల్చటి పలకలు మట్టిలోనే దొరుకుతాయి. మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఒక్కో పొర మందం ఒక నానోమీటరు, వెడల్పు వందల నానోమీటర్లు. నెల్లూరు దగ్గరి గూడూరు ప్రాంతానికి పేరు తెచ్చిన అభ్రకం గోటితో గీరితే రేకులు రేకులుగా ఊడొస్తుంది. ఈ బంకమట్టి, వర్మిక్యులైట్ అనే మరో ఖనిజం కూడా అభ్రకంలాగే పొరల సిలికేటు కుటుంబంలోవే. 1980ల చివర జపానులో టయోటా పరిశోధకులు ఈ మట్టి పొరలను నైలానులో విడివిడిగా చెదరగొట్టి చూపించాక, ప్రపంచమంతా దీని వెంట పడింది. 2000ల మొదట్లో విల్సన్ కంపెనీ డబుల్ కోర్ అనే టెన్నిస్ బంతి లోపలి ముఖానికి బ్యూటైల్, వర్మిక్యులైట్ కలిపిన పూత పూసింది. డబ్బా తెరిచిన కొన్నాళ్లకే చప్పబడిపోయే టెన్నిస్ బంతిలో ఒత్తిడి మరింత కాలం నిలిచింది.

మట్టి పొరలను విడదీయడమే అసలు కష్టం. అవి నీటిని ఇష్టపడతాయి, రబ్బరు నీటికి ఆమడ దూరం. పొరల మధ్యనున్న సోడియం అయాన్లను తీసేసి, పొడవైన నూనెతోకలున్న అమ్మోనియం అయాన్లను దూర్చితే పొరలు కాస్త ఎడమై, రబ్బరు గొలుసులకు లోపలికి దారి దొరుకుతుంది. ఆ పైన, రెండు పాలిమర్ల మిశ్రమంలో మట్టి ఎక్కడికి చేరుతుందన్నది మరో ప్రశ్న. వాయువు ఎక్కువగా ప్రయాణించేది పరుచుకున్న భాగంలో. పలకలు అక్కడ ఉంటేనే లాభం. చుక్కల లోపల ఇరుక్కుంటే అవి ఉన్నా లేనట్టే, ఎందుకంటే వాయువు ఆ చుక్కల పక్కనుంచి తప్పుకుని పోగలదు. మట్టిపొరలు సాధారణంగా నైలాను వైపే మొగ్గుతాయి. కనుక నైలాను పరుచుకున్న అమరికలో ఈ మొగ్గు కలిసొస్తుంది, రబ్బరు పరుచుకున్న అమరికలో అదే మొగ్గు పలకలను వృథా చేస్తుంది.

బిగువుకు ఖరీదు

ఇన్ని కుదిర్చాక కూడా నైలానుకు ఒక బలహీనత మిగులుతుంది. దాని గొలుసులను దగ్గరగా పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలు. నీటి అణువులు లోపల చేరితే ఆ బంధాల మధ్య దూరి గొలుసులను వదులు చేస్తాయి. ఆహార ప్యాకింగులో పేరుపడ్డ ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ ప్లాస్టిక్‌కూ ఇదే రోగం, పైగా ఇంకా ఎక్కువ. అందుకే దాన్ని రెండు పాలిథిలీన్ పొరల మధ్య దాస్తారు. పొడిలో కొలిచిన అంకె చూసి వానాకాలంలో వాడే వస్తువును తయారు చేయడం తెలివైన పని కాదు. మట్టి కలిపితే మిశ్రమం జిగురెక్కుతుంది, గట్టిపడుతుంది, పాళ్లు మించితే వంగే గుణం తగ్గుతుంది. ప్లాస్టిక్ పరుచుకున్న పొర పక్కనున్న రబ్బరుకు తనంతట తాను అతుక్కోదు, మధ్యలో జిగురు పొర వేయాలి. టైరు చుట్టేటప్పుడు రెండు అంచులు కలిసే చోట అతుకు కూడా మామూలు రబ్బరంత సులువుగా పడదు.

హాలోబ్యూటైల్ పొరకు ఈ తిప్పలేవీ లేవు. ఉన్న యంత్రాల మీదే పరుస్తారు, టైరుతో పాటే ఉడుకుతుంది. ఏడు రెట్లు మెరుగైన మిశ్రమం చేతిలో ఉన్నా చాలా టైర్ల లోపల ఇంకా అదే ఉండడానికి కారణం ఇదే. కొత్త పొర గెలవాలంటే ప్రయోగశాలలో బారర్లు తగ్గితే చాలదు. టైరు ఫ్యాక్టరీలో అతుకు వేసే కార్మికుడి చేతికీ అది లొంగాలి.